మా పిల్లి టబ్బు మానేసి పరుపు మీద పోస్తోంది

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారాలు. మా బుజ్జి నాలుగేళ్ల ఆడపిల్లి. నాటు పిల్లే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ధవళేశ్వరంలో మా పెంకుటింట్లో పుట్టి పెరిగింది. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో ఇసుక ఉండేది. ఒంటికైనా రెంటికైనా అక్కడికే వెళ్లేది. నాలుగేళ్లలో ఇంట్లో ఒక్క చుక్క పొయ్యలేదు. ఈ ఏప్రిల్‌లో రాజమండ్రిలో మా అబ్బాయి కొన్న అపార్ట్‌మెంటుకి వచ్చేశాం, మూడో అంతస్తు. మూత ఉన్న టబ్బు, అందులో ఇసుకకు బదులు పొయ్యడానికి లావెండర్ వాసన వచ్చే లిట్టర్ ఆన్‌లైన్లో తెప్పించి వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాం. పది రోజులు చక్కగా వాడింది. ఆ తర్వాత మొదలైంది. మా మంచం మీద పరుపు, ఉతకడానికి వేసిన బట్టల కుప్ప, చివరికి మా అల్లుడు గారు వచ్చినప్పుడు ఆయన బ్యాగు. రోజుకు రెండుసార్లు ఫినాయిల్ వేసి తుడుస్తున్నా. ఒకసారి కోపం ఆపుకోలేక దాని ముక్కు ఆ తడిలో రాసి రెండు దెబ్బలు వేశాను. అప్పటినుంచి నన్ను చూస్తే మంచం కిందికి దూరుతోంది. ఇల్లు మార్చామని పగబట్టిందంటారు మావారు. కోడలికి ఐదో నెల. పిల్లి ఉంటే కడుపులో బిడ్డకు ప్రమాదమని పక్కింటావిడ చెప్పిన దగ్గర్నుంచి అందరికీ టెన్షన్. గోనెసంచిలో వేసి గోదావరి అవతల కొవ్వూరులో వదిలేసి వద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, ముందు ఆ గోనెసంచి సంగతి పక్కన పెట్టించండి. కొత్త ఊళ్లో దింపిన పిల్లి ఇల్లు వెతుక్కుంటూ రోడ్ల మీద పడుతుంది. కుక్కలకో లారీకో దొరుకుతుంది, లేదా తిండి లేక చిక్కిపోతుంది. పెంచుకున్న జంతువును అలా ఆకలిదప్పులకు వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. మీకు మనసొప్పడం లేదన్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. నాలుగేళ్లపాటు ఇంట్లో ఒక్క చుక్క పొయ్యని పిల్లి మీది. దానికి శుభ్రత తెలుసు. ఇప్పుడు ఎందుకు తప్పుతోందో కనుక్కోవడమే మన పని.

పగ అనే మాట మీవారితో మాన్పించండి. పిల్లికి భయం ఉంటుంది, నొప్పి ఉంటుంది, అలవాటు ఉంటుంది. నిన్న ఇల్లు మార్చారు గనక ఇవాళ పరుపు పాడుచేస్తాననే లెక్క దాని బుర్రలో ఉండదు. ముక్కు రాసి కొట్టడం వల్ల అది నేర్చుకున్నది కూడా వేరు. పరుపు మీద పొయ్యకూడదని కాదు, మీరు చూస్తుండగా పొయ్యకూడదని నేర్చుకుంది. అందుకే అలాంటి పిల్లులు సోఫా వెనకా, బీరువా సందులోనూ పోయడం మొదలుపెడతాయి, మనకి కనపడేసరికి నెల గడిచిపోతుంది. జరిగిందేదో జరిగింది, మీరు బాధపడుతున్నారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఒక వారం దాని జోలికి మీరుగా వెళ్లకండి. అదే గదిలో కింద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. అన్నం మాత్రం మీ చేత్తోనే పెట్టండి. అది మళ్లీ మీ దగ్గరికి వస్తుంది.

టబ్బు మార్చడానికి ముందు దాన్ని డాక్టరుకు చూపించండి. ఇందులో ఆలస్యం వద్దు. హఠాత్తుగా టబ్బు మానేసిన పిల్లుల్లో చాలావాటికి మూత్రాశయంలో మంటో వాపో ఉంటుంది. టబ్బులో కూర్చున్నప్పుడు మంట పుడితే ఆ మంట టబ్బే పెట్టిందనుకుంటుంది. మెత్తగా ఉన్నచోట పోస్తే నొప్పి ఉండదేమోనని పరుపు, బొంత, బట్టల కుప్ప వెతుక్కుంటుంది. మీరు రాసిన మూడు చోట్లూ మెత్తనివే, అందుకే నాకు ఆ అనుమానం బలంగా ఉంది. పిల్లల వయసు దాటి, ముసలితనం రాని పిల్లుల్లో ఈ వాపుకు ఎక్కువగా సూక్ష్మజీవులు కారణం కావు. ఇల్లు మారడం, కొత్త మనుషులు, కొత్త చప్పుళ్లు, ఆ ఆందోళనే మూత్రాశయం గోడను రేపుతుంది. దానికి తోడు మీరు మారింది ఏప్రిల్‌లో. రాజమండ్రి ఎండ సంగతి నేను చెప్పనక్కర్లేదు. నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. అందుకని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ పట్టేస్తే సరిపోదు, మూత్రం పరీక్ష చేయించాలి. ఖాళీ టబ్బు శుభ్రంగా కడిగి ఆరబెట్టి, లిట్టర్ వెయ్యకుండా పెట్టి, పోసింది సిరంజితో లాగి గంటలోపు తీసుకెళ్లండి. దొరక్కపోతే డాక్టరే పొట్టలోంచి సన్న సూదితో తీస్తారు. చూడ్డానికి భయం వేస్తుంది గానీ పిల్లులు దాన్ని బాగానే ఓర్చుకుంటాయి.

ఇంట్లో మీరు గమనించాల్సినవి ఇవి. మామూలుగా పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు పోస్తుంది. అంతకంటే ఎక్కువసార్లు వెళ్తోందా, వెళ్లి కొంచెం కొంచెమే పోస్తోందా, మూత్రంలో ఎర్రజీర ఉందా, కూర్చుని అరుస్తోందా, కింద పదేపదే నాకుతోందా. ఇవి ఒక కాగితం మీద తేదీలతో రాసుకెళ్తే డాక్టరుకి సగం పని తగ్గుతుంది. మీది ఆడపిల్లి కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒకటి రెండు రోజులు పట్టినా ప్రాణం మీదికి రావడం అరుదు. మగపిల్లి విషయం వేరు, దాని గురించి కింది ఉత్తరంలో రాశాను, అందరూ చదవండి.

పరీక్షలో జబ్బేమీ లేదని తేలినా, ఉండి నయమైనా, ఆ తర్వాత చూడాల్సింది టబ్బు.

మా ఇంట్లో చుక్కి అని ఒక పిల్లి ఉండేది, నల్లటి ఒంటి మీద నుదుట తెల్ల మచ్చ. అదీ ఇలాగే ఒకరోజు టబ్బు మానేసింది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. నాలుగు రోజులు నాకు అంతుపట్టలేదు. ఐదో రోజు రాత్రి టబ్బుకి నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని లైటు తగ్గించి కూర్చున్నాను. పదకొండున్నరకు వచ్చింది. టబ్బు అంచు వాసన చూసింది. కుడి ముందుకాలు లోపల పెట్టి, వెంటనే తీసి, నీళ్లలో పెట్టినట్టు విదిలించింది. మళ్లీ పెట్టింది, మళ్లీ విదిలించింది. చివరికి నాలుగు కాళ్లూ అంచు మీదే కూడదీసుకుని నిలబడి, ఊగుతూ సగం పోసి, లిట్టర్ కప్పకుండా పక్కన గోడను మూడుసార్లు గీకి పారిపోయింది. మిగతా సగం హాల్లో పట్టా మీద పోసింది. అప్పుడు లేచి వెళ్లి నా అరచెయ్యి ఆ లిట్టర్‌లో అదిమి చూశాను. ఆ వారమే తక్కువ ధరకు వచ్చిందని చెక్కపొట్టు గుళికల లిట్టర్‌కి మార్చాను. చేతికి గుచ్చుకుంది. పిల్లి పాదం కింది మెత్త మన పెదవంత సున్నితంగా ఉంటుంది, దాని మీద ఒంటి బరువంతా మోపాలి కదా. మర్నాడు మెత్తని ఇసుకలాంటి పాత లిట్టర్ తెచ్చి పోశాను. ఆ రాత్రే చుక్కి ఒక గుంత తీసి, వాసన చూసి, నచ్చక ఇంకో గుంత తీసి, కూర్చుని, లేచి, చాలాసేపు శ్రద్ధగా కప్పింది. అలా తవ్వి కప్పే పిల్లికి టబ్బు నచ్చినట్టు. అంచు మీద నిలబడేది, కాళ్లు విదిలించేది, గోడను గీకేది, కప్పకుండా పరిగెత్తేది ‘ఇది నాకొద్దు’ అంటున్నట్టు. మీరూ ఒక రాత్రి అలా కూర్చుని చూడండి, లేదా ఫోను ఒకచోట ఆనించి వీడియో పెట్టండి.

మీ టబ్బు విషయంలో నాకు ఉత్తరంలోనే నాలుగు తప్పులు కనిపిస్తున్నాయి. మూత, వాసన, మెషీన్, ఫినాయిల్.

మూత ఉన్న టబ్బు మన ముక్కుకీ కంటికీ బాగుంటుంది. దానికది చీకటి గది, వాసనంతా లోపలే మగ్గుతుంది, పారిపోవడానికి ఒక్కటే దారి. ఆరుబయట కొబ్బరిచెట్టు కింద నాలుగు దిక్కులూ చూసుకుంటూ కూర్చున్న పిల్లికి అది ఎలా నచ్చుతుంది? మూత తీసెయ్యండి. దుకాణాల్లో అమ్మే టబ్బులు చాలావరకు చిన్నవి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుంటే దానికి ఒకటిన్నర రెట్లు టబ్బు ఉండాలి. మామూలు నాటు పిల్లికి సుమారు 65 నుంచి 70 సెంటీమీటర్లు. దుప్పట్లు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టె కొని, ఒక పక్క గోడను జానెడు ఎత్తు ఉంచి కోయించి, అంచుకి ఇసుక కాగితం రాయిస్తే అంతకంటే మంచి టబ్బు ఉండదు.

లావెండర్ వాసన మనకోసం వేసిందే. పిల్లి ముక్కు మన ముక్కు కంటే ఎన్నో రెట్లు చురుకు. ఆ వాసన దానికి మొహాన కొట్టినట్టుంటుంది. వాసన లేని, సన్నటి రేణువుల, తడికి గడ్డకట్టే లిట్టర్ తీసుకోండి. కానీ మీ బుజ్జికి తెలిసింది ఇసుక. పిల్లుల పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచుల్లో తిరిగిన అడవి పిల్లులు, ఇసుక తవ్వి కప్పడం వాటి రక్తంలోనే ఉంది. ఇప్పుడు మనం కొనే లిట్టర్ వచ్చి ఎన్నాళ్లో కాలేదు. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి దగ్గరికి పొరుగావిడ ఇసుక అడగడానికి వచ్చిందట. చలికి ఇసుక గడ్డకట్టి, పొయ్యిలో బూడిద వాడితే పిల్లి కాళ్లకంటుకుని ఇల్లంతా అడుగులు పడుతున్నాయని. ఆయన తన దగ్గరున్న, తడి పీల్చుకునే మట్టి గింజలు ఇచ్చాడు. మనం మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి జాతిదే అది. అక్కడినుంచి ఈ వ్యాపారమంతా పుట్టింది. కాబట్టి ఇసుకతోనే మొదలుపెడితే తప్పేమీ లేదు. అయితే ధవళేశ్వరం పెరట్లోంచి తేవద్దు, వీధి పిల్లులన్నీ వాడిన ఇసుకలో పురుగుల గుడ్లు ఉంటాయి, ఇంట్లో గర్భిణి ఉంది. కొత్త ఏటి ఇసుక తెప్పించి, జల్లించి, రెండుసార్లు కడిగి, డాబా మీద ఎండలో మూడు రోజులు ఆరబెట్టండి, రాత్రిళ్లు కప్పిపెట్టండి. రెండంగుళాల మందాన పొయ్యండి. బుజ్జి దాన్ని వాడటం మొదలెట్టిన వారానికి ఒక గుప్పెడు గడ్డకట్టే లిట్టర్ కలపండి. రెండు రోజులకొకసారి ఇంకో గుప్పెడు. నెల తిరిగేసరికి మొత్తం లిట్టర్ అయిపోవాలి. మధ్యలో ఎప్పుడైనా ముఖం తిప్పుకుంటే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. తొందర వద్దు.

వాషింగ్ మెషీన్ పక్కన టబ్బు పెట్టిన ఇళ్లు నేను చాలా చూశాను, నీళ్లూ డ్రైనూ అక్కడే ఉంటాయి కదా అని. బుజ్జి కూర్చుని ఉండగా ఒక్కసారి మెషీన్ స్పిన్‌కి తిరిగి గడగడలాడి ఉంటే చాలు, ఆ మూల దానికి శత్రువైపోతుంది. పది రోజులు వాడి మానేసిందన్నారు, అలాంటిదేదో జరిగి ఉంటుందనే నా నమ్మకం. టబ్బును మనుషులు తొక్కిసలాడని, కానీ మరీ మారుమూల కాని చోటికి మార్చండి. హాలు చివర, ఖాళీ బెడ్‌రూమ్ మూల బాగుంటాయి. అన్నం గిన్నె పక్కన మాత్రం పెట్టకండి. టబ్బు ఒక్కటి కాదు, రెండు పెట్టండి, వేర్వేరు గదుల్లో. ఎన్ని పిల్లులుంటే అన్ని టబ్బులు, పైన ఒకటి, ఇది మేం అందరికీ చెప్పే లెక్క. రెండో టబ్బు కొన్నాళ్లపాటు మీ పడకగదిలోనే పెట్టినా పర్వాలేదు, అది ఇప్పుడు అక్కడికే వస్తోంది కాబట్టి.

ఫినాయిల్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది పరుపుకు సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి మన కాలేయానికి ఉంది, కుక్కకి ఉంది, పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి ఆ జాతివే. తెల్ల ఫినాయిల్‌లో వేసే పైన్ నూనె కూడా దానికి పడదు. మీరు తుడిచిన తడి నేల మీద బుజ్జి నడుస్తుంది, తర్వాత కూర్చుని నాలుగు పాదాలూ నాకి శుభ్రం చేసుకుంటుంది. రోజుకు రెండుసార్లు. చొంగ కార్చడం, వాంతులు, తూలడం, పాదాల మీద పుండ్లు చూసి తీసుకొచ్చిన పిల్లులకు వైద్యం చేశాను, కొన్ని దక్కలేదు. ఇవాళే ఆపెయ్యండి. బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు కూడా దానికి అందకుండా చూడండి.

ఫినాయిల్ వల్ల పనీ కాదు. మన ముక్కుకి మూత్రం వాసన కప్పుతుంది గానీ దాని ముక్కుకి అడుగున అలాగే ఉంటుంది, ఆ వాసనే దాన్ని మళ్లీ అక్కడికి పిలుస్తుంది. బ్లీచింగ్ పౌడరు అసలు వాడొద్దు, మూత్రంలో అమ్మోనియాతో కలిసి ఊపిరి పట్టేసే ఘాటు వాయువు వస్తుంది, కోడలికి అది మరీ చెడ్డది. పోసిన వెంటనే పాత తువ్వాలు మడతపెట్టి కాలితో నొక్కి తడంతా లాగెయ్యండి. చన్నీళ్లు పోసి మళ్లీ లాగండి. ఆ తర్వాత పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అది ఎంత లోతుకి మూత్రం దిగిందో అంత లోతుకీ దిగేలా పోసి, నానిచ్చి, దానంతటదే ఆరనివ్వండి. పైపైన చల్లితే ప్రయోజనం లేదు. పాత మరకలు కంటికి కనపడవు, దొంగనోట్లు చూడటానికి వాడే నీలిరంగు టార్చి ఒకటి కొని రాత్రి లైట్లు తీసేసి వేస్తే పసుపుపచ్చగా మెరుస్తాయి. మీది దూది పరుపైతే దూది తీయించి ఎండబెట్టి ఏకించుకుని గలేబు మార్చండి. స్పాంజి పరుపు లోపలిదాకా నానితే దాని మీద ఆశ వదులుకోవడమే. కొన్నాళ్లు మంచం మీద ప్లాస్టిక్ పట్టా పరచండి, పగలు ఆ గది తలుపు వేసి ఉంచండి, ఉతకాల్సిన బట్టలు మూత ఉన్న బుట్టలో వెయ్యండి. అల్లుడు గారి బ్యాగు మీద పోసింది కూడా ఆయన మీద కోపంతో కాదు. ఊరంతా తిరిగొచ్చిన కొత్త వాసనలు దాని మీద ఉంటాయి, భయపడ్డ పిల్లి తన వాసన దాని మీద వేసుకుంటుంది. ఈసారి వచ్చినప్పుడు బ్యాగు బీరువాలో పెడితే సరి.

ఇక కోడలి సంగతి. పక్కింటావిడ చెప్పింది టాక్సోప్లాస్మా గురించి. ఆ మాటలో నిజం ఉంది, కానీ పిల్లిని వదిలెయ్యాల్సినంత నిజం లేదు. ఆ పరాన్నజీవి గుడ్లు పిల్లి మలంలో వస్తాయి, అదీ పిల్లికి మొదటిసారి సోకినప్పుడు రెండు మూడు వారాలపాటు. వచ్చిన గుడ్డు వెంటనే అంటుకోదు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే టబ్బును రోజూ శుభ్రం చేస్తే ఆ గుడ్డుకు సమయమే ఇవ్వనట్టు. కోడలు టబ్బు ముట్టకూడదు, ఆ పని మీరో మీవారో చెయ్యండి, చేతికి గ్లౌజు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుని. చిల్లుల గరిటె ఒకటి దానికే విడిగా పెట్టుకుంటే గడ్డలు సులువుగా వస్తాయి, కాగితంలో చుట్టి చెత్తలో వెయ్యండి, టాయిలెట్లో వద్దు, పైపులు పూడిపోతాయి. బుజ్జికి పచ్చి మాంసం పెట్టకండి, ఎలుకలు పట్టనివ్వకండి. మనుషులకి ఇది ఎక్కువగా సగం ఉడికిన మాంసం వల్లా, కడగని కూరల వల్లా, మట్టి పని చేసిన చేతులతో తినడం వల్లా వస్తుంది. కోడలు చూపించుకునే గైనకాలజిస్టుకి ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి, అవసరమైతే రక్తపరీక్ష రాస్తారు. ఆవిడ ఒళ్లో బుజ్జి పడుకుంటే బిడ్డకేమీ కాదు, ఈ మాట నా పేరు చెప్పి మీవారికి వినిపించండి.

నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టండి, అన్నంలో చేపలు ఉడికించిన నీళ్లు, ఉప్పూ ఉల్లీ లేకుండా, కాస్త పొయ్యండి. ఆరు వారాలు చూడండి. మార్పు నాలుగో రోజునే మొదలైనా సంతోషపడి మెషీన్ పక్కకి టబ్బు తిరిగి మార్చకండి. ఆరు వారాలకూ కుదరకపోతే నాకు రాయండి, మూత్రం రిపోర్టు నకలు, టబ్బు ఫొటో జతచేసి. ఆందోళన తగ్గించే మందులు కూడా ఉన్నాయి, అవి చూసిన డాక్టరే ఇవ్వాలి.

ప్రశ్న: మేడమ్, మా రెండేళ్ల మగపిల్లి నిన్నటినుంచి టబ్బులోకి వెళ్లి కూర్చోవడం, ఏమీ రాక బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. ఒకటే అరుస్తోంది. బాత్రూమ్ జాలీ మీద కూడా కూర్చుంది. మలబద్ధకమని ఆముదం పట్టమంటున్నారు. నొప్పికి పారాసిటమాల్ సగం బిళ్ల వెయ్యొచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ మెయిల్ చూసిన నిమిషంలోనే ఆయన ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను, పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదిది. మిగతావాళ్ల కోసం వేస్తున్నాం.

కాలు కాలిన పిల్లి అంటాం చూడండి, మూత్రం బిగుసుకుపోయిన మగపిల్లి సరిగ్గా అలాగే తిరుగుతుంది. మగపిల్లి మూత్రనాళం చివర చాలా సన్నం. ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలో, జిగురో అడ్డం పడితే పూర్తిగా మూసుకుపోతుంది. అప్పటినుంచి గంటలు లెక్క. మూత్రపిండాలు పని ఆపేస్తాయి, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఇదంతా అయిపోవచ్చు. పొట్ట కింద చెయ్యి పెడితే గట్టిగా నిమ్మకాయో నారింజో ఉన్నట్టు తగులుతుంది. దాన్ని నొక్కకండి, చిట్లుతుంది. ఆముదం వద్దు. పారాసిటమాల్ అసలు వద్దు, మనుషుల సగం బిళ్ల చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. అర్ధరాత్రైనా, ఆదివారమైనా, అత్యవసర వైద్యం ఉన్నచోటికి పరిగెత్తాలి.

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం శనివారం సాయంత్రం ఇలాగే చూసి, సోమవారం పొద్దున్న నా దగ్గరికి తెచ్చింది. మధ్యలో తగ్గుతుందేమో చూద్దామనుకున్నారు. బల్ల మీద పెట్టేసరికి ఒళ్లు చల్లబడింది, గుండె నిమిషానికి చాలా తక్కువగా కొట్టుకుంటోంది. నా చేతుల్లోనే పోయింది. పదేళ్ల పాప ఒకటి తలుపు దగ్గర నిలబడి ఉంది. అప్పటినుంచి ఏ పత్రికలో అవకాశం ఇచ్చినా ఈ విషయం రాస్తూనే ఉన్నాను.

హైదరాబాద్ ఆయన ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లారు. గొట్టం వేసి అడ్డం తీసి, మూడు రోజులు సెలైన్ మీద ఉంచి పంపారు. ఇప్పుడు ఎండు గుళికల తిండి తగ్గించి తడి తిండి పెడుతున్నారు, నీళ్లు బాగా తాగిస్తున్నారు. మళ్లీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి రోజూ టబ్బులో గడ్డలు లెక్కపెట్టమన్నాను.

ప్రశ్న: ఏడాదిన్నర మగపిల్లి. టబ్బు వాడుతూనే ఉంది, కానీ తలుపులకీ, సోఫాకీ వెనకనుంచి చిమ్ముతోంది. భరించలేని వాసన. ఆపరేషన్ చేయిస్తే పాపమని అమ్మ ఒప్పుకోవడం లేదు.
— వరంగల్

జవాబు: ఇది టబ్బు సమస్య కాదమ్మా. నిలబడి, తోక నిటారుగా లేపి వణికిస్తూ గోడకి చిమ్మితే అది హద్దు గుర్తు. వీధిలో ఇంకో మగపిల్లి తిరుగుతుంటే ఇంకా ఎక్కువ చేస్తుంది. ఆపరేషన్ చేయిస్తే పది మగపిల్లుల్లో తొమ్మిదింటికి తగ్గిపోతుంది. ఐదారు నెలల వయసులోనే చేయిస్తే చాలావాటికి అసలు మొదలవదు. మీ అమ్మగారికి చెప్పండి, ఆపరేషన్ చెయ్యని మగపిల్లి ఆడపిల్లి కోసం గోడలు దూకి, కొట్లాడి, చీముపట్టిన గాయాలతో వస్తుంది. ఆ గాయాలకి కట్లు కట్టేది నేను, నాకు తెలుసు ఏది కనికరమో. ఈలోపు వీధి పిల్లి కనపడే కిటికీకి కింది సగం కాగితం అంటించండి.

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటాం. పదిహేనేళ్ల పిల్లి. టబ్బు దాకా వెళ్లి, పక్కనే నేల మీద పోస్తోంది. మతిమరుపు వచ్చిందా?
— ఒక పాఠకురాలు

జవాబు: టబ్బు దాకా వెళ్తోందంటే దానికి గుర్తుంది. లోపలికి ఎక్కలేకపోతోంది. ఈ వయసులో చాలా పిల్లులకి మోకాళ్లు, నడుము అరిగిపోయి ఉంటాయి. అవి కుంటవు, అరవవు, దూకడం మానేస్తాయి అంతే. కిటికీ గట్టు మీదికి ఇదివరకులా ఎక్కుతోందో లేదో గమనించండి. రక్తపరీక్ష చేయించండి, మూత్రపిండాలూ, షుగరూ, థైరాయిడూ చూస్తారు, మూత్రం ఎక్కువ పోస్తుంటే తప్పనిసరిగా. టబ్బు బదులు రెండంగుళాల అంచున్న వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టండి, దాని చుట్టూ పాత గోనెపట్టా పరచండి, కాళ్లు జారకుండా. అది పడుకునే చోటికి దగ్గరగా ఇంకోటి. రాత్రి ఆ దారిలో చిన్న లైటు వేసి ఉంచండి.